జానెడు ఎత్తు

మొన్న కూర్మన్నపాలెం దగ్గర మా షెడ్డులో కొత్త ఇనుప తాడు చుట్ట విప్పుతుంటే గ్రీజు వాసన గుప్పుమంది. సుభాన్ మేస్త్రీ చేతులు ఎప్పుడూ అదే వాసన వేసేవి. ఎంత రుద్ది కడిగినా పోయేది కాదని, బిర్యానీ వడ్డించినా గ్రీజే తగులుతోందని ఇంట్లో గొడవని నవ్వుతూ చెప్పేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. కళ్ళు చెమరిస్తే పక్కవాళ్ళతో దుమ్ము పడిందని అబద్ధం చెప్పాను.

ఆయనది విశాఖ పాతనగరం. బరువులు కట్టి క్రేనుతో లేపే ఖలాసీలకు పెద్ద. నేనేమో డ్రాయింగుల సెక్షన్లో కొత్తగా చేరిన ఇంజనీరుని, జావాస్క్రిప్టులో ప్రోగ్రాములు రాయడం వచ్చన్న పొగరు తలకెక్కినదాన్ని. ఫోనులో తెరుచుకునే చిన్న లెక్కల పేజీ ఒకటి రాశాను. బరువు, కోణం ఇస్తే కొక్కేనికి తగిలించిన రెండు తాళ్ళలో ఒక్కోదాని మీద ఎంత భారం పడుతుందో చెబుతుంది. తాడు తట్టుకునేదైతే పచ్చరంగు చూపిస్తుంది. అరవై డిగ్రీలు పెట్టి చూశాను. మేస్త్రీ నోటిలెక్కా నా పేజీ అంకే ఒక్కటే. ఆయన తలూపారు. ఇంకేం, నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ ఒక్క పరీక్షతోనే ఊరుకున్నాను.

ఒక శుక్రవారం మేస్త్రీ నమాజుకి వెళ్ళారు. పది టన్నుల దిమ్మె లేపాలి. షెడ్డు కప్పు ఎత్తు తక్కువ కావడంతో తాళ్ళు బాగా విచ్చుకున్నాయి. కోణం నూట ఇరవై అన్నారు ఖలాసీలు. ఒక్కో తాడుకీ ఆరు టన్నుల లోపే అంటూ పేజీ పచ్చగా వెలిగింది. తాడు ఎనిమిది టన్నులది. కానివ్వండి అన్నాను. అక్కడ ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. ఏ బరువైనా జానెడు లేపి ఆపాలి. ఆయన వచ్చి తాడు మీద చెయ్యి వేసి చూసి, సరే అన్నాకే పైకి. ఆపరేటరు అలవాటుకొద్దీ జానెడు లేపి ఆగాడు. నేను విసుక్కున్నాను కూడా.

మేస్త్రీ టోపీ తియ్యకుండానే వచ్చారు. తాళ్ళను దూరం నుంచే చూసి, రెండు చేతులూ కిందికి ఊపి బరువు దింపించారు. ఆ తర్వాత తాడు వెంట గుడ్డ రాస్తే, తెగిన తీగలు గుడ్డకి గుచ్చుకున్నాయి. ఆ దిమ్మె పక్కన నలుగురు మనుషులున్నారు.

ఆయన తిట్టలేదు. నార తాడు మధ్యలో నీళ్ళ డబ్బా కట్టి, ఒక కొస నాకిచ్చి, రెండోది తను పట్టుకుని వెనక్కి నడిచారు. డబ్బా మారలేదు, నీళ్ళు పెరగలేదు. ఆయన వెనక్కి జరిగినకొద్దీ నా భుజాలు ఊడొస్తాయేమో అనిపించింది.

“సూసినావా అమ్మా? ఇంతలా ఇప్పేత్తే ఒక్కో తాడుకీ మొత్తం బరువు పడిపోద్ది. పదికి పది. నీ పేజీ ఏ యాంగిలు అడుగుతంది?”

అప్పుడు తెలిసింది. నా పేజీ అడిగింది నేలకి సమాంతరంగా ఉన్న అడ్డగీతతో తాడు చేసే కోణం. ఖలాసీలు ఎప్పుడూ చూసేది కొక్కెం దగ్గర రెండు తాళ్ళ మధ్య కోణం. అరవై దగ్గర ఆ రెండూ సమానం, అందుకే ఆ రోజు లెక్క కలిసింది. కోణం ఎక్కణ్ణుంచి కొలుస్తారని వాళ్ళని ఒక్కసారి కూడా అడగలేదు నేను. తప్పు నాదేనని ఏడ్చాను.

“నానూ సూసుకోకుండా తలూపీసాను కదమ్మా. సగం నాది.”

జరిగింది ఆఫీసులో ఇద్దరం కలిసే చెప్పాం. పేజీ దిద్దుతుంటే ఆయన రెండే కోరారు. కొక్కెం, తాళ్ళ బొమ్మ గీసి కోణం ఎక్కడిదో చూపించాలి. అడుగున ఒక మాట రాయాలి: జానెడు లేపి ఆపండి, తాడు చూడండి. మీరుండగా అదెందుకన్నాను.

“నాను లేనప్పుడు కోసమే.”

తర్వాత అలాంటి పేజీలు చాలా రాశాను. ప్రతిసారీ ముందు వెళ్ళి, అది వాడేవాళ్ళ పక్కన నిలబడి, మీరెలా కొలుస్తారని అడుగుతాను. లెక్క సరైపోయాక ఆ ఆఖరి మాట దేనికి, తీసేయమన్నారు ఆఫీసులో. తీయనన్నాను.

మొన్న ఆ కొత్త తాళ్ళతో మొదటి బరువు లేపారు. జానెడు దగ్గర ఆపి, ఆపరేటరు నా వంక చూశాడు. వెళ్ళి తాడు మీద చెయ్యి వేశాను. ఇంటికొచ్చాక ఆ చెయ్యి వెంటనే కడుక్కోబుద్ధి కాలేదు.