స్పీకర్లో వాన

మా అమ్మ మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. మద్దిలేటి మాట సగం కోసి వినాలని మీలో కొందరంటారు, తెలుసు. ఈ ఒక్కటీ కోయకుండా వినండి.

కోడుమూరు దారిలో, కర్నూలు దాటాక ఒక కాలేజీ ఉంది. పేరెందుకులెండి. అక్కడి ఫిజిక్సు ల్యాబుకు నేను ఎలక్ట్రీషియన్ని. రూతమ్మ అనే పిల్ల అక్కడే పరిశోధన చేసేది. పెన్సిల్లో ఉండే గ్రాఫైటును టేపుతో ఒలిచి, ఒలిచి... ఒకే పరమాణువు మందం మిగిలేదాకా ఒలిచేది. అదే గ్రాఫీను. చర్చి పాట ఏదో కూనిరాగం తీస్తూ ఒలిచేది.

"ఇది ఒకటే పొర మద్దిలేటన్నా, నీ అబద్ధాలకున్నన్ని పొరలుండవు" అనేది నన్ను.

దాన్ని బాగా చల్లబరిచి కరెంటు పంపితే, ఎలక్ట్రాన్లు రేకుల కప్పు మీద చినుకుల్లా పడతాయట. ఆ చప్పుడే నాయిస్. గ్రాఫీనులో అది మూడో వంతుకు తగ్గాలి. ఎందుకని నన్నడక్కండి, ఆ పిల్ల చెబుతుంటే బుర్ర ఊపానంతే. చెవికి వినబడాలని స్పీకరు కూడా తగిలించింది.

ఆ కొలతలన్నీ ఆ పిల్లకు గైడుగా ఉన్న సార్ తన పేరుతో అచ్చేయించుకున్నాడు. ఆమె పేరు ఎక్కడా లేదు. అడిగితే, టేపు పీకింది నువ్వే లేమ్మా, తల వాడింది నేను అన్నాడట. ఆ వేసవిలోనే రూతమ్మ కామెర్లతో పోయింది. మంచంలో ఉండగా చూడ్డానికి వెళితే నాతో ఒకటే మాటంది.

"నా పేరు చెప్పేదాంక ఆ యంత్రం సార్ మాట ఇనదన్నా."

తర్వాత కొన్నాళ్ళకు ఆ ప్రయోగం చూడ్డానికి బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తామన్నారు. సరిగ్గా పలకకపోతే సార్ పరువు పోతుంది. ముందు రోజు రాత్రి ల్యాబులో సార్, నేను. చల్లబరిచే యంత్రం టక్... టక్... అంటోంది. సార్ కరెంటు వదిలాడు.

స్పీకర్లో వాన.

చినుకులు కాదు... జడివాన. సార్ లేచి కిటికీ తీశాడు. బయట ఆకు కదలడం లేదు. నేల నెర్రెలిచ్చి ఉంది.

"ఎర్తు ఎండిపోయిండాదేమో చూడప్పా" అన్నాడు.

మా నేలలో అదొక బాధ. కాలేజీ వెనక గుంత తవ్వి, రాగి పలక పెట్టి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చాం. యంత్రాల ఎర్తు తీగ దిగేది అందులోకే. గుంత ఎండితే అవి పిచ్చెక్కినట్టు చేస్తాయి. రోజూ సాయంత్రం బిందెడు నీళ్ళు పోయాలి. రూతమ్మ ఉన్నన్నాళ్ళూ తనే పోసేది. తర్వాత ఆ పని నాకొచ్చింది.

వెళ్ళి, బిందెడు నీళ్ళు గుంతలో పోసి వచ్చాను. వాన తగ్గలేదు. పెరిగింది. సార్ వైర్లు మార్చాడు... ఇంకా పెరిగింది. చివరికి కరెంటే ఆపేశాడు. అయినా వాన.

కరెంటే లేకుంటే చినుకులెక్కడివి?

అప్పుడు విన్నాను. వాన అడుగున... సన్నగా... కూనిరాగం.

సార్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేను మెల్లగా అన్నాను.

"ఎవురు చేసినారో దానికి చెప్పండి సార్."

"దేనికి?"

"దానికే."

నవ్వబోయాడు. రాలేదు. మళ్ళీ కరెంటు వదిలి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా తల వంచుకుని అన్నాడు.

"ఇది రూతు చేసింది... నేను కాదు."

టక్... టక్...

వాన ఆగింది. కాదు... తగ్గింది. కూనిరాగం లేదు. నాయిస్ కొలిచే మీటరు ముల్లు సరిగ్గా మూడో వంతు దగ్గర నిలబడింది.

మర్నాడు పెద్దవాళ్ళ ముందు సార్ "నా ప్రయోగం" అని మొదలుపెట్టాడు. స్పీకర్లో నాలుగు చినుకులు రాలాయి. వెంటనే మాట మార్చుకున్నాడు. రూతమ్మ పేరు చెప్పాడు. స్పీకరు వైపు చూసి ఇంకోసారి కూడా చెప్పాడు.

సరే. అమ్మ మీద ఒట్టు వేశాను కాబట్టి చెప్పేస్తాను. ఇందులో ఒకటి నా కల్పన. గుంతలో నీళ్ళు పోశానన్నానే... పోయలేదు. ఆ రాత్రే కాదు, రూతమ్మ పోయినప్పటి నుంచీ పోయలేదు. ఆ బిందె కానుగ చెట్టుకు పోసేవాణ్ణి. ఆ సార్ ఏడవాలని. కాబట్టి వాన ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

ఎందుకు తగ్గిందో తెలియదు.

పెద్దవాళ్ళు వెళ్ళాక గుంత దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూశాను. పొడి. వేళ్ళకు ఉప్పు మాత్రం అంటుకుంది.