బిడ్డకు చూపించిన ఏడాది

నా బిడ్డ ఆరో తరగతికి గురుకులంలో చేరిన ఏడాది నేను రోజుకో ఫొటో తీశాను. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. ఇప్పుడు ఆ పిల్ల పాలమూరులో డిగ్రీ చదువుతోంది. మొన్న పాత ఫోను పూర్తిగా చెడిపోకముందే ఆ ఫొటోలన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, నేనూ నా భార్యా ఒక మధ్యాహ్నం కూర్చుని మొదటి నుంచీ చూశాం.

ఫొటోలు తీయడం నాకు అలవాటు లేదు. మోత్కూర్ దగ్గర పల్లెలో పోస్టుమ్యాన్‌ని. నాలుగు ఊళ్ళు తిరిగి ఉత్తరాలు పంచడమే నా పని. కానీ నకిరేకల్ దగ్గర హాస్టల్ గేటు ముందు ట్రంకు పెట్టె దించినప్పుడు నా బిడ్డ ఏడవలేదు. నా చొక్కా అంచు పట్టుకుని ఒక్క మాట అడిగింది.

"నేను లేనప్పుడు ఇంట్ల ఏమైతాందో నాకెట్ల తెలుస్తది బాపూ?"

"దినాం ఒక్క ఫొటో తీస్త బిడ్డా. నెలనెలా రెండో ఐతారం నిన్ను చూడ వచ్చినప్పుడు అన్నీ చూపిస్త" అన్నాను.

"ఒక్క దినం గూడ ఇడువొద్దు మరి."

"ఇడువ."

మొదటి నెల నాకు అందంగా కనిపించినవి తీశాను. వాన వెలిసిన పొలాలు, తంగేడు పూలు, పక్కింటి లేగదూడ. రెండో ఆదివారం అవి చూపిస్తే వేలితో చకచకా తోసేసింది. "గివన్నీ ఎందుకు బాపూ? అమ్మ ఏం కూర వండిందో తియ్యి. అవ్వ ఏడ కూసున్నదో తియ్యి" అంది.

అప్పటి నుంచి ఇంటినే తీశాను. టమాట పప్పు గిన్నె, పత్తి ఏరి వచ్చిన నా భార్య జుట్టుకు అంటుకున్న దూది, గోడ మీద పాకిన బీరతీగ, దాని కింద గడపలో కూర్చున్న మా అమ్మ. అమ్మ కదలకుండా ఉండేది కాదు. సగం ఫొటోల్లో ఆమె ముఖం చెదిరిపోయి ఉంటుంది. "ముసల్దాని మొకం రోజు ఏం జూస్తది రా అది?" అని నన్ను కసిరేది. కానీ సాయంత్రం నేను బండి ఆపేసరికి తల దువ్వుకుని, కొంగు సర్దుకుని అక్కడే కూర్చుని ఉండేది.

దసరా సెలవులకు పిల్ల వచ్చి పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున నీళ్ళ డ్రమ్ము దగ్గర అమ్మ కాలుజారి పడింది. తుంటి ఎముక విరిగింది. నల్లగొండ దవాఖానాలో చేర్చాం. ఆపరేషన్ చేశారు. నా భార్య ఆమె దగ్గరే ఉండిపోయింది.

"పిల్లకు జెప్పకు. పరీక్షలున్నయి. ఆడ ఒక్కతి ఏడ్చుకుంట కూసుంటది" అంది నా భార్య.

నాకూ అదే మంచిదనిపించింది. వానాకాలంలో తీసి, పిల్లకు చూపించకుండా పక్కన పెట్టిన అమ్మ ఫొటోలు ఫోనులో చాలా ఉన్నాయి. రోజుకొకటి చొప్పున వాటినే వరుసలో చేర్చాను. శనివారం హాస్టల్ నుంచి రెండు నిమిషాలు ఫోను మాట్లాడనిచ్చేవారు. "అవ్వ ఏది?" అని అడిగితే, "పక్కింటికి పోయింది" అని చెప్పాను.

రెండో ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను. వేపచెట్టు కింద కూర్చున్నాం. మా వదిన చేసిచ్చిన సర్వపిండి తింటూ పిల్ల ఫొటోలు చూస్తోంది. ఒకచోట ఆగిపోయింది.

"బాపూ, గీ బీరతీగ నేను దసరకు వచ్చినప్పుడే ఎండిపోయింది గద. నేను, అమ్మ కలిసి పీకేసినం. మల్ల గిన్ని పూలు ఎట్ల వచ్చినయి?"

నేను ఫోను వెనక్కి తీసుకోబోయాను. పిల్ల తన చేతిలోని సర్వపిండి ముక్కను టిఫిన్ డబ్బాలో పెట్టేసి, చాలా మెల్లగా అడిగింది.

"అవ్వ సచ్చిపోయిందా?"

"లేదు బిడ్డా! లేదు. పడ్డది. కాలిరిగింది, గంతే."

"నువ్వు అబద్ధం చెప్తున్నవ్."

ఆ కళ్ళలోకి చూడలేకపోయాను. నా భార్యకు ఫోను చేసి, అమ్మకు ఇమ్మన్నాను. ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టాను. అమ్మ గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. "ఎవలు, నా తల్లేనా? కాలు ఇరిగింది బిడ్డా, పానం ఇరగలె. గీడ ఉప్పు లేదు కారం లేదు, నాలుకె సచ్చిపోయింది" అంటోంది. పిల్ల ఏడుస్తూనే నవ్వింది. ఫోను నాకిస్తూ, "ఉన్నది ఉన్నట్టు తియ్యి బాపూ. మంచిగ లేకున్న సరే" అంది.

ఎవరింటి కబురైనా ఏ రోజుకారోజే అందించాలని ఎండనక వాననక తిరిగినవాణ్ణి. సొంత బిడ్డ దగ్గర మాత్రం కబురు దాచాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ పిల్ల అడిగిన తీరే గుర్తొచ్చింది. ఇంటికి పోకుండా నేరుగా నల్లగొండ వెళ్ళి, మంచం మీద ఉన్న అమ్మను ఫొటో తీశాను. "ఆగు, కొంగు సర్దుకోనీ" అంది అమ్మ.

తర్వాతి నెలల ఫొటోలు చూడటానికి ఏమంత బాగుండవు. నీళ్ళు రాక వట్టిపోయిన బోరు. నాతో గొడవపడి గోడ వైపు తిరిగి కూర్చున్న నా భార్య వీపు. జ్వరంతో లేవలేని రోజున పడుకున్నచోటి నుంచి తీసిన నా చెప్పుల జత. నడక స్టాండు పట్టుకుని నిలబడ్డ అమ్మ. ఆమె తంటాలు పడి గడప దాకా నడిచిన రోజు, "ఇయ్యాల ఎన్ని అడుగులు ఏసిన్నో జెప్పు దానికి" అంది. పదకొండు. చెప్పాను. ఆ తర్వాత ఆరేళ్ళు ఆమె కర్ర పట్టుకుని ఊరంతా తిరిగింది.

ఎండాకాలం సెలవులకు ముందు చివరి ఆదివారం నాటికి పిల్ల హాస్టల్‌లో బాగా కలిసిపోయింది. ఫొటోలు పైపైన చూసి, ఫోను పట్టుకుని లోపలికి పరుగెత్తింది. కొంచెం చిన్నబుచ్చుకున్నాను. కాసేపటికి ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. దేవరకొండ వైపు తండా పిల్ల. తల్లిదండ్రులు హైదరాబాదులో కూలిపనికి పోయారట. ఆదివారాల్లో ఆ పిల్లను చూడటానికి ఎవరూ రారు.

ఇద్దరూ ఫోను మీదికి వంగి కూర్చున్నారు. నేను పక్కన బత్తాయి ఒలుస్తున్నాను.

"గీమె మా అవ్వ. కాలిరిగినా ఊకుండదు. గిది మా అమ్మ. గీరోజు బాపు మీద కోపమొచ్చింది."

"నీకెట్ల తెలుసు? వీపే గద కనిపిస్తాంది?"

"వీపు జూస్తె తెలుస్తలేదా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. చెప్పుల ఫొటో దగ్గర, "గిదెందుకు తీసిన్రు?" అని అడిగింది. "బాపుకు జరం. అయినా ఇడువలే" అంది నా బిడ్డ. నేను తల వంచుకుని బత్తాయి తొనలు విడదీశాను.

అన్నీ అయిపోయాక ఆ అమ్మాయి నా వైపు చూసి, "ఇంకొక్కసారి మొదలుకెళ్ళి చూడొచ్చా?" అంది. తల ఊపాను. చెరి సగం తొనలు ఇచ్చాను. రోడ్డు మీద నా బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇంకో బస్సు ఉందిలే అనుకుని అక్కడే కూర్చున్నాను.