ఎర్రగుడ్డ చూసి కూడా దిగాను

మొన్న విజయనగరంలో బస్సు ఆపుకుని టీ తాగుతుంటే నాన్న ఫోను చేశాడు. "మీ పైలట్ మావ ఎల్లిపోనాడ్రా," అన్నాడు. టీ అలాగే వదిలేసి బస్సెక్కాను.

మావకు మాతో చుట్టరికం లేదు. ఒకప్పుడు ఆయన పంటలకు మందు కొట్టే చిన్న విమానం నడిపేవాడు. నాన్న ఆయన దగ్గర నేల మీది పనులు చూసేవాడు. మందు కలపాలి, పొలాల పక్కనున్న మట్టి రన్‌వే చూసుకోవాలి, దిగొచ్చంటే పచ్చగుడ్డ, వద్దంటే ఎర్రగుడ్డ ఊపాలి. ఆ పని పోయాక మావ నెల్లిమర్లలో మా వీధిలోనే ఇల్లు తీసుకున్నాడు.

ఆయన్ని చూసి వీధంతా నవ్వేది. వాన వెలిస్తే చాలు, చెప్పులు విప్పేసి వాకిలంతా నడిచి చూసేవాడు. ఆ తరవాతే ఆటోని లోపలికి రానిచ్చేవాడు. "ఏటి మావా, ఆటోక్కూడా రన్‌వే కావాలేటి?" అని ఏడిపిస్తే, "నేల కంటికి గట్టిగానే కనబడతాదిరా. కాలికే నిజం సెప్తాది," అనేవాడు. నేను బస్సు డ్రైవర్నయ్యాక మరీ పట్టుకున్నాడు.

"బ్రేకులు సూసినావేట్రా?"

"నిన్ననే సూసినాను మావా."

"నిన్నటి సూపు నిన్నటికే!"

ఒట్టు, ఒక్కోసారి ఆయనకి దొరక్కుండా సందు మార్చి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆ చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనే చెప్పాడు. ఒకరోజు పొద్దున్న రన్‌వే అంతా నడిచి చూసుకుని ఎగిరాడు. మధ్యాహ్నం పెద్ద జల్లు పడింది. నాన్న నేల తొక్కి చూసి ఎర్రగుడ్డ ఊపాడు. పది మైళ్ల అవతల గట్టి రన్‌వే ఇంకొకటి ఉంది.

"పైనుంచి సూస్తే బాగానే ఉన్నాది. ఈడిదంతా పిరికితనం అనుకున్నాను. ఆకలేస్తంది. దిగిపోనాను," అన్నాడు.

చక్రం దిగబడి విమానం తలకిందులైంది. మిగిలిన మందు మీద కారుతుంటే నాన్నే ఆయన్ని బయటికి లాగాడు.

కంపెనీ వాళ్లు ఆస్పత్రికి వచ్చి, కింద నిలబడ్డవాడు పచ్చగుడ్డ చూపించాడని రాసిమ్మన్నారట. అలా రాస్తే మావ ఉద్యోగం నిలుస్తుంది, నాన్నది పోతుంది. అప్పటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను. మావ రాసింది ఇదీ: "ఎర్రగుడ్డ చూశాను. చూసి కూడా దిగాను. తప్పు నాది." ఆయన్ని మళ్లీ విమానం ఎక్కనివ్వలేదు. మా పొయ్యి మాత్రం ఆరలేదు. ఆ మనిషి రుణం ఏమిచ్చి తీర్చుకోగలం!

"బాధ లేదా మావా?" అని ఒకసారి అడిగాను.

"లేకేటి? ఇప్పటికీ ఇమానం సప్పుడైతే అన్నం కాడినుంచి లేసిపోతాను. అయినా మీ నాన్న మొకం సూడగలుగుతన్నాను కదరా."

సాగనంపే రోజున తెల్లవార్లూ వాన. శ్మశానానికి పొలాల మధ్య నుంచి బండిదారి. పాడె మోసే నలుగురిలో నేనొకణ్ణి. డెబ్బై దాటిన నాన్న చెప్పులు విప్పేసి, అడుగడుగూ తొక్కి చూసుకుంటూ ముందు నడిచాడు. మలుపు దగ్గర ఆయన పాదం దిగబడింది. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి పైకెత్తి ఊపాడు.

"ఆగండ్రా! ఇక్కడ మెత్తగున్నాది. పైలట్ బాబుని అటు తిప్పండి!"

నా కంటికి దారి బాగానే ఉంది. అయినా ఆగాం. పక్కనుంచి మేం దాటేదాకా నాన్న ఆ తువ్వాలు దించలేదు.