సికింద్రాబాద్ తాత వయసు ఇరవై మూడు

'ఆ రోజుల్లో' అని కథ మొదలుపెట్టాలంటే మనిషికి కొంత వయసుండాలి. ఇప్పుడు నా కణతల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి కాబట్టి కాస్త ధైర్యంగా మొదలుపెడుతున్నాను. కానీ ఏ అర్హతా లేని ఇరవై మూడో ఏట నేను ఆ మాటను ఎడాపెడా వాడేసి, ఆఖరికి దాని చేతిలోనే చావుదెబ్బ తిన్నాను. ఇదేమీ గుండెల్లో దాచుకున్న రహస్యం కాదు. మా ఇంట్లో ప్రతి క్రిస్మస్ భోజనం దగ్గరా ఎవరో ఒకరు ఈ సంగతి ఎత్తుతారు, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు, నేను పళ్ళెంలోకి చూస్తూ ముక్కలు ఏరుకుంటూ కూర్చుంటాను. వాళ్ళు చెప్పేటప్పుడు ఏడాదికేడాది మసాలా ఎక్కువవుతోంది. అందుకని అసలు జరిగింది నేనే చెప్పుకోవడం నయమనిపించింది.

అప్పట్లో నేను మారేడ్‌పల్లిలో అమ్మమ్మా తాతయ్యల ఇంట్లో ఉంటూ, ప్యారడైజ్ దగ్గర ఒక ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. పని తక్కువ, ఇంటర్నెట్ ఎక్కువ. అక్కడే నాకు ఆ ఆట పిచ్చి పట్టుకుంది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకరు ఆటపెద్ద. 'మీరొక గుహ ముందు నిలబడ్డారు, లోపల చీకటిగా ఉంది' అని ఆటపెద్ద చెబితే, మిగతావాళ్ళు తలా ఒక వేషం, అంటే కత్తివీరుడో మంత్రగాడో, అనుకుని, ఏం చేస్తారో నోటితో చెప్పాలి. ఎటూ తేలనిచోట పాచికలు వేస్తారు. (మా అమ్మమ్మ దీన్ని 'కూర్చుని ఆడే వీధినాటకం' అనేది.) విదేశాల్లో ఈ ఆట పుట్టిన కొత్తలో నియమాలు గుప్పెడే ఉండేవట. వేషాలు చీటికీమాటికీ చచ్చేవట, బతకాలంటే ఆడేవాడి బుర్రే గతి. పోనుపోను పుస్తకాలు లావెక్కాయి, వేషాలు చావడం మానేశాయి. అప్పుడు లోకంలో అక్కడక్కడా కొంతమంది, పగలు ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో బ్లాగులు రాస్తూ, ఆ పాత పద్ధతికి మళ్ళీ ప్రాణం పోసే పని నెత్తినేసుకున్నారు. మరుగునపడ్డ నియమాలను విడమరిచి రాసి ఊరికే పంచిపెట్టారు. సినిమా హీరోలను ఆరాధించే వయసులో నేను వీళ్ళను ఆరాధించాను.

అయితే ఆ బ్లాగుల లోకంలో ఒక పట్టింపు ఉండేది. 'నేను అప్పట్లోనే ఆడాను' అన్నవాడి మాటకే విలువ. నేను నా సొంత పేరుతో ఒక విదేశీ పెద్దమనిషి బ్లాగులో వినయంగా ఒక ప్రశ్న రాస్తే ఒక్కడూ పలకలేదు. ఒళ్ళు మండి, మరుసటి వారం 'సికింద్రాబాద్ తాత' అనే పేరు పెట్టుకుని, 'ఆ రోజుల్లో మా బోయిగూడ బల్ల దగ్గర...' అని మొదలుపెట్టాను. అంతే, జనం ఈగల్లా మూగారు. ఇక నన్ను పట్టేవాడు లేడు. 'ఆ రోజుల్లో దారి పటం తప్పుగీస్తే ఎవరూ సరిదిద్దేవాళ్ళం కాదు, అందరం కలిసి తప్పిపోయేవాళ్ళం.' 'ఆ రోజుల్లో ఎవడి వేషం ముందు చస్తే వాడు లేచి వెళ్ళి అందరికీ టీ పెట్టాలి. అది మా బల్ల చట్టం.' నిజానికి ఆ రోజుల్లో నేను పుట్టలేదు. బోయిగూడలో నాకు తెలిసింది రైళ్ళకోసం పరుగెత్తే దారి ఒక్కటే.

ఈ తాత మాటలకు అందరికంటే ఎక్కువ మురిసిపోయింది చెన్నై అక్క. (మేమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం.) బ్యాంకులో ఉద్యోగం, ఇంట్లో తెలుగు, పాత పద్ధతిని నిలబెట్టినవాళ్ళలో మన దేశం నుంచి పేరున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఒక చిన్న నియమాల పుస్తకం రాస్తుంటే, 'పాతకాలంలో ఎవరూ ఇలా ఆడలేదు, అంతా నీ కల్పన' అని కొందరు ఆమె మీద విరుచుకుపడ్డారు. 'కల్పన కాదు, ఆడినవాళ్ళు ఉన్నారు' అని ఆమె నా తాత మాటలు చూపించి వాదించింది. ఒకరోజు ఆమె దగ్గర్నుంచి ఈమెయిల్‌లో ఉత్తరం వచ్చింది. 'తాతగారూ, ఆఫీసు పనిమీద సికింద్రాబాద్ వస్తున్నాను. పుస్తకం వచ్చేవారం అచ్చుకు వెళుతోంది. ముందుమాటంతా మీ అనుభవాలే. ఆదివారం మీ బల్ల దగ్గర ఒక్క ఆట ఆడి, మీ ఆశీర్వాదం తీసుకుని వెళతాను.'

పరుగున బన్సీ దగ్గరికి వెళ్ళాను. బన్సీలాల్‌పేట్‌లో ఉంటాడు కాబట్టి బన్సీ. ఈ భూమ్మీద నాతో ఆ ఆట ఆడే ఒకే ఒక్క జీవి. వాడు ఉత్తరం చదివి, "ఏందిరా గిది? ఇంకా పెండ్లి సుత కాలే, అప్పుడే తాతవైనవా?" అన్నాడు. తర్వాత జాలిపడి, "పరేషాన్ గాకు. తాత సచ్చిపోయిండని రాసెయ్. ఖతం," అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ సంతాపవార్త రాయడానికి కూర్చున్నాను కూడా. 'తాతగారు ప్రభువు సన్నిధికి' దాకా వచ్చేసరికి పక్కగదిలో మా తాతయ్య దగ్గాడు. చేతులు ఆడలేదు, చెరిపేశాను. ఆ దగ్గుతోపాటే ఒక పాడు ఆలోచన కూడా పుట్టింది. తాత కావాలంటే ఇంట్లోనే నిక్షేపంలాంటి తాత ఉన్నాడు కదా అని. బోయిగూడ బల్ల ఇప్పుడు మారేడ్‌పల్లికి మారిందని అక్కకు అడ్రసు రాసి పంపాను.

మా తాతయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, చర్చిలో సంఘపెద్ద. అబద్ధం ఆడమంటే ఆడడు. కాబట్టి ఆడమని చెప్పలేదు. "ఒక మేడమ్ గారు వస్తారు తాతయ్యా, పెద్దవాళ్ళతో ఆట ఆడాలని సరదా. మీరు ఊరికే కూర్చుంటే చాలు," అన్నాను. ఆయన ఆట ఎలా ఆడతారో విని, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ పాచికలంటున్నావేంట్రా. ప్రభువు బట్టల కోసం సిలువ కింద సైనికులు ఆడిన జూదమేగా అది. మన ఇంట్లో కుదరదు," అన్నాడు. అమ్మమ్మే అడ్డుపడి, "చర్చిలో కోత పండగకి చీటీలు తీయడం లేదా? అలా తీయండి," అని అంకెలు వేసిన కాగితం చీటీలు మడిచి బిస్కెట్ డబ్బాలో పోసి ఇచ్చింది. నా పథకం ఏమిటంటే, అక్క ఏ పాతసంగతి ఎత్తినా తాతయ్య నోరు తెరిచేలోపు నేను దూరిపోవాలి. నేను దూరలేకపోతే బన్సీ దూరాలి. బన్సీ ఒప్పుకున్నాడు, కానీ వాడి మొహంలో ఉత్సాహం లేదు.

ఆదివారం నాలుగింటికి అక్క వచ్చింది. కాటన్ చీర, భుజాన సంచి, అందులో అచ్చుకు వెళ్ళాల్సిన కాగితాలు. తాతయ్యను చూడగానే వంగి దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుగా ఆపి, "వందనాలమ్మా, లోపలికి రా," అన్నాడు. ఆమె ఆయన్ని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్న మనిషి దొరికినట్టు చూసింది. "మీరు లేకపోతే ఈ పుస్తకం లేదు తాతగారూ," అంది. తాతయ్య మర్యాదకి, "అంతా దేవుని కృపమ్మా," అన్నాడు. నేను వెంటనే కాఫీ గ్లాసులతో దూరాను. ఆట మొదలుపెట్టేముందు తాతయ్య అలవాటు ప్రకారం ప్రార్థన చేశాడు. మేమంతా క్షేమంగా తిరిగిరావాలని, గుహలో ఉన్నవాళ్ళకు కూడా మంచిబుద్ధి కలగాలని. అక్క కూడా భక్తిగా కళ్ళు మూసుకుంది. బిస్కెట్ డబ్బాలో చీటీలు చూసి, "పాచికలు దొరకని కాలం పద్ధతి," అని మురిసిపోయింది.

అక్కే ఆటపెద్ద. గుహ వర్ణించి, లోపల రాక్షసులు కాపలా కాసే బంగారం ఉందని చెప్పింది. తాతయ్య కళ్ళజోడు సవరించుకుని, "ఆ బంగారం ఎవరిదమ్మా?" అన్నాడు. "రాక్షసులది తాతగారూ." "వాళ్ళదైతే మనమెందుకు లోపలికి వెళ్ళడం?" అక్క తెల్లబోయి, "బహుశా వాళ్ళు ఎవరి దగ్గరో దోచుకుని ఉంటారు," అంది. "బహుశా అంటే ఎలాగమ్మా. ముందు వాకబు చేద్దాం," అని తాతయ్య తన వేషాన్ని గుహ బయట ఒక బండమీద కూర్చోబెట్టాడు. బన్సీ వేషం పక్కన కూర్చుంది. అరగంట గడిచినా కత్తి దూసినవాడు లేడు. అక్కకు అనుమానం వస్తుందేమోనని నాకు చెమటలు పట్టాయి. ఎవరో ఒకరు అసలైన ఆట ఆడాలి కదా అని, "నేను తలుపు తన్ని లోపలికి దూకుతున్నాను," అన్నాను. అక్క చీటీ తీయించింది. గుమ్మం పైనుంచి రాయి పడి నా కత్తివీరుడు అక్కడికక్కడే పోయాడు. అక్క నవ్వుతూ నావైపు తిరిగి, "బల్ల చట్టం తెలుసుగా, ముందు చచ్చినవాళ్ళు టీ పెట్టాలి," అంది. తాతయ్య సంతోషించి, "మంచి చట్టమే. లేవరా," అన్నాడు. నా చట్టమే నన్ను బల్ల దగ్గర్నుంచి లేపేసింది. బన్సీకి కన్ను గీటి వంటింట్లోకి వెళ్ళాను.

పాలు పొంగే వేళకి ముందుగదిలోంచి అక్క గొంతు వినిపించింది. "తాతగారూ, ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నారు మీరు?" "నాలుగున్నర నుంచమ్మా," అన్నాడు తాతయ్య. అక్క నవ్వింది. "అది కాదు, మొట్టమొదట ఎప్పుడు?" "అదేగా చెబుతున్నా. నువ్వొచ్చింది నాలుగింటికి, కాఫీ తాగాక మొదలెట్టాం. అంతకుముందు నేనాడింది క్యారమ్స్ ఒక్కటే. ఏం బాబూ, అంతేగా?" ఇప్పుడు బన్సీ దూరాలి. స్టవ్ ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "నన్ను అడగకు తాతా. నీ మనవడే చెప్తడు," అన్నాడు వాడు. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాను. అక్క నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "పటం సంగతి?" అంది. "నేనే." "టీ చట్టం?" "అదీ నేనే." "మీ వయసెంత?" చెప్పాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. సంచిలోంచి ముందుమాట కాగితాలు తీసి బల్లమీద పెట్టి, "ఇందులో నా మాటలు పది కూడా లేవు. నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్ళందరికీ మీ మాటే చూపించాను. వాళ్ళన్నదే నిజమన్నమాట," అంది. ఆ క్షణాన భూమి చీలి నన్ను మింగేస్తే అమ్మమ్మ చేతి గారెలు కూడా వద్దనుకునేవాణ్ణి. అసలు సంగతి ఏమిటో తాతయ్య నాచేతే మొత్తం చెప్పించి, నిదానంగా లేచి నిలబడి, ఆమెకు చేతులు జోడించాడు. "అమ్మా, ఈ వయసు నేను పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ నిజాయితీగా సంపాదించుకున్నాను. వీడు దాన్ని నన్నడక్కుండా తీసుకెళ్ళి వాడుకున్నాడు. ఇంటిపెద్దగా నేను క్షమాపణ అడుగుతున్నా," అన్నాడు. డెబ్బై దాటిన మనిషి నా మూలంగా ఒకరి ముందు తలవంచడం చూశాను. సిగ్గు అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

అక్క కంగారుగా ఆయన చేతులు పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత నావైపు తిరిగి, "ఇరవై మూడేళ్ళవాణ్ణి, నేర్చుకుంటున్నాను అని నాకు రాసి ఉంటే ఏమయ్యేది?" అంది. "ఎవరూ జవాబివ్వరనుకున్నాను," అన్నాను. "నేనిచ్చేదాన్ని," అంది. ఆ సాయంత్రమే వాళ్ళిద్దరి ముందే కంప్యూటర్ దగ్గర కూర్చుని, నా పేరూ నా వయసూ పెట్టి, అలాంటి తాత అసలెప్పుడూ లేడని ఆమె బ్లాగులో రాశాను. ("రాయి, స్పెల్లింగులు నేను చూస్తా," అని తాతయ్య వెనకాల నిలబడ్డాడు. రెండు తప్పులు పట్టుకున్నాడు.) ఆ తర్వాత ఆమె పొరపాటు ఒప్పుకోవాల్సి వచ్చింది, పుస్తకం ఆలస్యమైంది, ఎగతాళి చేసినవాళ్ళు చేశారు. కొత్త ముందుమాటలో 'అప్పుడెలా ఆడారో నాకు తెలియదు, మాకు ఇలా ఆడటం ఇష్టం' అని మాత్రం రాసింది. ఆ పుస్తకంతో ఆట నేర్చుకున్నవాళ్ళు ఇవాళ నాకు ఎక్కడపడితే అక్కడ తగులుతుంటారు, నేను మాట మార్చేస్తుంటాను.

కానీ నాకు తరచుగా గుర్తొచ్చేది అది కాదు. ఆ సాయంత్రం ఆమె సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాలుపెట్టి ఆగింది. "తాతగారూ, మీరింకా ఆ గుహ బయటే ఉన్నారు," అంది. "అవునమ్మా, బంగారం ఎవరిదో తేలనేలేదు," అన్నాడు తాతయ్య. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. దీపాలు పెట్టేవేళ దాకా బన్సీతో కలిసి ముగ్గురూ ఆడారు. తాతయ్య ఆ రాక్షసుల్ని పిలిపించి పంచాయితీ పెడుతుంటే అక్క కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వడం వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ తర్వాత ఏ పనిమీద సికింద్రాబాద్ వచ్చినా ఆమె మా ఇంటికే వచ్చేది, అదీ తాతయ్యతో ఆడటానికే. ఆ గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, ఆ వెనకే కాస్త నవ్వూ వస్తుంది. వాడు ఒక్కసారి తన వయసు చెప్పి ఉంటే చాలు, వాణ్ణి కూడా కూర్చోమనేవాళ్ళు. ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగానే ఉంది.