రెండు వందల కేబీల్లో గొర్రె

అక్కర్లేదని దేన్ని తీసేయాలో ఎలా తెలుస్తుంది? ఏళ్ల తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది.

చచ్చిపోయిన గొర్రె బీమా కోసం పెద్దారవీడు నుంచి చిన్నాయన ఈ రోజు మా ఇంటికి వచ్చాడు. బీమా వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన ఫొటోల పీడీఎఫ్ రెండు వందల కేబీ దాటకూడదట. నేను సైజు తగ్గించగానే గొర్రె చెవి బిళ్ల మీది నంబరులో చివరి అంకె ఎనిమిది మసకబారి మూడులా కనిపించింది.

చిన్నాయన అదిరిపడ్డాడు. "మూడు నంబరుది ఇంటికాడ మేస్తాంది గదమ్మా! బతికుండేదాన్ని సంపుతావేంది?"

"క్వాలిటీ పెంచితే ఫైలు పట్టదు చిన్నాయనా."

"అట్లయితే నన్ను తీసెయ్. సచ్చింది నేనా ఏంది?"

గొర్రె చెవి పట్టుకుని కూర్చున్న ఆయన్ని ఫొటోలోంచి కత్తిరించాను. అంకె స్పష్టంగా వచ్చింది, ఫైలూ పట్టింది. ఆయన సంతోషంగా బస్సెక్కాడు. ఆ గొర్రె ఆయనదేననడానికి ఫొటోలో ఇప్పుడు నాలుగు వేళ్లు మాత్రమే మిగిలాయి.

మీరైతే ఏం కత్తిరించేవారో చెప్పండి. నేను చేసింది సాయమో అపకారమో నాకింకా తేలలేదు.