స్టూడియోలో అవ్వ ముఖం

గంగ పుట్టింది ముంచింగిపుట్టు అవతలి కొండ మీద. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ సోములమ్మే పెంచింది. ఆశ్రమ పాఠశాలలో పాఠం వినకుండా మట్టితో కోళ్లూ మేకలూ చేసి తన్నులు తిన్న ఈ పిల్ల, ఆ పిచ్చితోనే విశాఖపట్నం వెళ్లి యానిమేషన్ కోర్సులో చేరింది. ఆ చదువేమిటో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. "బొమ్మలకి పేణం పోసే సదువు" అని అవ్వ మాత్రం సంతకు వెళ్లినప్పుడల్లా గొప్పగా చెప్పుకునేది.

ఆ అవ్వ బతుకే గొప్పగా సాగలేదు. ఒక వానాకాలం జ్వరాలొచ్చి ఊళ్లో ఇద్దరు పసివాళ్లు పోయారు. ఎవడో తాగినవాడు, సోములమ్మ చిల్లంగి పెట్టిందన్నాడు. చేతబడి చేసి చంపిందని దాని అర్థం. ఆ ఒక్క మాట చాలింది. ఊరు ఆమెను గెడ్డ అవతలికి, అంటే వాగు దాటించి తరిమేసింది. వెంట నిలిచింది గంగ ఒక్కతే. చైత్రంలో ఇటుకల పండగకి ఇంటింటి విత్తనమూ తెచ్చి ఒకే రాశిగా కలుపుతారు. పూజారి అందులోంచి తలా గుప్పెడు పంచితే, అవే ఆ ఏడాది పొలంలో మొదట పడే గింజలు. సోములమ్మ విత్తనాన్ని ఆ రాశిలో కలపడం మానేశారు. మా కొండల్లో మనిషిని బతికుండగానే చంపడమంటే ఇదే. ఏళ్లు గడిచాక ఊరు మెత్తబడి, నిరుడు ఆమె సామగింజల్ని మళ్లీ కలుపుకుంది. ఆ రోజు అవ్వ గంగను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

బయటివాళ్లలో ఈ సంగతి తెలిసింది ఒక్క అనురాధ మేడంకే. కాలేజీలో గంగకు బొమ్మలు చెయ్యడం నేర్పిన టీచర్ ఆమె. క్లాసు పనికని గంగ అవ్వ ముఖాన్ని మట్టితో చేసింది. ముక్కుకు మూడు పోగులు, గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, కాస్త వాలిన ఎడమ కన్ను. "ఎవరమ్మా ఈమె?" అని మేడం ఆప్యాయంగా అడిగింది. నగరంలో అలా అడిగేవాళ్లు గంగకు ఇంకెవరున్నారు? క్యాంటీన్లో కూర్చుని కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవే కావచ్చు. నిజమైనవైతే మరీ ఘోరం.

తర్వాత మేడం కాలేజీ వదిలేసి, అరకులో పాత కాఫీ గోదాంలో పెట్టిన స్టాప్ మోషన్ స్టూడియోలో చేరింది. ఉగాది వెళ్లాక తన విద్యార్థులను పని చూడటానికి రమ్మని పిలిచింది. గంగ అందరికంటే ముందే బస్సెక్కింది.

లోపల బల్లల మీద ఓ బుల్లి ఊరు. స్పాంజి ముక్కలతో కాఫీ తోట, జిగురుతో గెడ్డ. ఒకమ్మాయి బొమ్మ చేతిని గోరంత కదిపి తప్పుకుంటుంది, కెమెరా ఒక ఫొటో తీస్తుంది. మళ్లీ గోరంత, మళ్లీ ఫొటో. పూటంతా అలా కష్టపడితే తెర మీద ఆ బొమ్మ ఒక్కసారి తల తిప్పుతుందట. గంగకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ పని దొరికితే జన్మలో ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

మూల బల్ల దగ్గరికి వెళ్లేసరికి కాళ్లు ఆగిపోయాయి. అక్కడ అవ్వ నిలబడి ఉంది. అవే పోగులు, అవే చుక్కలు, అదే వాలిన కన్ను. పక్కన ట్రేలో మార్చి మార్చి తగిలించే ముఖాలున్నాయి. ఒకటి పళ్లు కొరుకుతోంది, ఒకదానికి నోటి చుట్టూ ఎర్రరంగు. బొమ్మ ముందు విత్తనాల రాశి ఉంది, బొమ్మ చెయ్యి దాని మీద ఏదో చల్లుతోంది.

"ఇదేంటి మేడం?"

"మన సినిమాలో మంత్రగత్తె! విత్తనాల్లో విషం కలిపి ఊళ్లో పిల్లల్ని చంపుతుంది. నువ్వు చెప్పిన దాంట్లోంచే పుట్టింది గంగా. చివర్లో నీకు థాంక్స్ కూడా వేస్తున్నాం."

"మా అవ్వ ఏ పాపం ఎరగదని చెప్పాను కదా!"

"చెప్పావు. ఏమీ చెయ్యని ముసలామె మీద సినిమా తీస్తే ఎవరు చూస్తారు? అయినా పేరు మార్చాం."

"పేరెందుకు మేడం, ముఖం మార్చండి. మీ కాళ్లు పట్టుకుంటాను. మా ఊళ్లో చూస్తే ఆమెను మళ్లీ వెలేస్తారు."

"సగం షూటింగ్ అయిపోయాక ముఖం ఎలా మారుస్తామమ్మా? ట్రైలర్ మొన్ననే వదిలేశాం. ఎంత బాగా తిరుగుతోందో చూడు" అని మేడం మురిసిపోతూ ఫోన్ చూపించింది.

నమ్మించి గొంతు కోసేవాళ్లను చాలామందిని చూశాం. కోసిన చోట థాంక్స్ రాసేవాళ్లు మాత్రం కొత్త. గంగ ఒళ్లు మండిపోయింది. ఆ బొమ్మను పీకి నేలకేసి కొడదామని చెయ్యెత్తింది. అవ్వ ముఖం చూసి కొట్టలేకపోయింది. ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి ఊరికి బయల్దేరింది.

ఆమె కంటే ముందే ట్రైలర్ ఊరు చేరింది. ఇటుకల పండగనాడు సోములమ్మ చేటలో గింజలు బాగుచేసుకుని పూజారి మల్లేశు దగ్గరికి వెళ్లింది. వెళ్లొద్దని చెప్పడానికి గంగకు నోరు రాలేదు. మల్లేశు ఆమె కళ్లల్లోకి చూడకుండా, "ఈ ఏడుకి ఒద్దులే సోములమ్మా" అన్నాడు. వెనక కుర్రాళ్లు ఫోన్లు దాచుకున్నారు.

అవ్వ చేటతో అలాగే తిరిగొచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఆ సినిమాలో నా మొగవే ఉందంట గదే. ఇత్తనాల కతా ఉందంట. మన ఊరి మాట పట్నమోలకి ఎవరు సెప్పారే?"

"నేనే అవ్వా" అంది గంగ.

సోములమ్మ తిట్టలేదు.

"ఊరు తరిమినప్పుడు నాకు నువ్వున్నావే గుంటా" అని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.