గోడకు మొహం పెట్టి ఓడిన పందెం

మనిషన్నవాడు పరుగు పందెంలో ఓడాలంటే కాళ్లు పట్టెయ్యాలి, లేదా ఊపిరి చాలకపోవాలి, కనీసం ఒక కుక్కయినా వెంటపడాలి. నాకు ఇవేవీ కాలేదు. అందరికంటే ముందుండి, గెలుపు గీత వంద అడుగుల దూరంలో కనిపిస్తుండగా, కాళ్లలో ఇంకా రెండు మైళ్ల సత్తువ ఉండగా ఓడిపోయాను. అదెట్లా అని అడక్కండి, చెప్పడానికే కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఆ రోజుల్లో నాకు చేతకాకపోవడం వల్లనే ఇదంతా జరిగింది.

మా బాపుకు మొఘల్‌పురాలో దర్జీ దుకాణం ఉండేది. షేర్వానీ కుట్టాలంటే ఆయనే కుట్టాలి. చాప మీద కాళ్లు మడిచి కూర్చుని గుండీలకు కాజాలు కుట్టడం నా పని. నాకు పంతొమ్మిదేళ్లు. ఒక్క కాజా పూర్తయ్యేలోపు నాలుగుసార్లు లేచి వీధిలోకి తొంగి చూసేవాణ్ని. ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది.

"చాప మీద ముళ్లు గిట్ల మొలిచినయా ఏంది?" అని బాపు రోజూ అడిగేవాడు.

అలాంటి నా చెవిన పందెం కబురు పడింది. ఇరవై ఆరు మైళ్లు. ఉప్పుగూడ స్టేషన్ దగ్గర బయలుదేరి, ఊరి బయటంతా చుట్టి, సరిగ్గా మా దుకాణం ముందుకొచ్చి ఆగాలి. చలికాలం చివర్లో పందెం.

"దీన్ని మారథాన్ అంటరు బాపు. ఎనకట ఒకడు గంత దూరం ఉరికొచ్చి, యుద్ధం గెలిచినమని చెప్పి, ఆడనే పాణం ఇడిసిండట."

"సచ్చినోన్ని సూసి నేర్చుకుంటవార?"

"ఒక్కసారి ఉరకనియ్యి బాపు. గీ కూసునుడు నాతోటి అయితలేదు."

బాపు సూది ఆపాడు. "సరే. చలికాలమంతా నిన్ను ఇడిసిపెడుతున్న. గెలుస్తే నీకు నచ్చిన నౌకరి సూస్కో, నేను అడ్డం రాను. ఓడితే మాత్రం మళ్ల లేస్తనంటే ఊకోను. జిందగీ అంతా గీ చాప మీదనే. మంజూరేనా?"

"మంజూర్!" అన్నాను, అప్పటికే గడప దాటేసి.

ఇక మైళ్లు కొలిచేదెట్లా? ఛత్రినాకలో మా పక్కింటి టాంగావాలా ఖాసిం భాయ్ ఉపాయం చెప్పాడు. "ఫికర్ మత్ కర్ నర్సిమ్మ. నా గుర్రం ఎనక ఉరుకు. దినాం పదిహేను మైళ్లు తిరుగుతది. అది అలిసిపోతే నువ్వు గెలిచినట్టు."

చలికాలమంతా ఆ గుర్రం వెనకే నా బతుకు. పొగమంచులో దాని తోక తప్ప నాకు ఊరు కనిపించేది కాదు. అది నీళ్ల తొట్టి దగ్గర ఆగితే నేనూ ఆగేవాణ్ని. ఖాసిం భాయ్ నాలుక చప్పరించి అదిలిస్తే గుర్రం కంటే ముందు నేనే అందుకునేవాణ్ని. సంక్రాంతి దాటేసరికి గుర్రం చిక్కిపోయింది, నేను రాటుదేలాను.

అయితే రోజూ తొమ్మిది గంటలకు ఒకచోట ఆగక తప్పేది కాదు. మొఘల్‌పురాలో మా దుకాణానికి కాస్త ఇవతల ఒక పెద్ద బేగం గారి ఇల్లు. ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్లేది ఖాసిం భాయ్ టాంగాలోనే. గేటు నుంచి టాంగా దాకా ఇద్దరు పనిమనుషులు దుప్పటి అడ్డం పట్టేవారు. ఖాసిం భాయ్ "పర్దా!" అని కేకేసేవాడు. వీధిలో ఉన్న మగవాళ్లందరూ గోడవైపు తిరగాలి. ఆవిడ ఎక్కి కూర్చున్నాక "చలో!" అనేవాడు. అప్పుడు కదలాలి. మా పేటలో చంటిపిల్లాడికి కూడా తెలిసిన మర్యాద అది.

పందెం రోజు పొద్దున ఆరింటికి ఉరకడం మొదలుపెట్టాను. ఇరవయ్యో మైలు దగ్గర నా ముందు ఎవరూ లేరు. మూసీ అవతలి నుంచి వచ్చిన ఇద్దరు మాత్రం వెనక నుంచి రొప్పుతూ వస్తున్నారు. మొఘల్‌పురా వీధిలోకి తిరిగేసరికి జనం ఒకటే లొల్లి. గీత అవతల బాపు తలపాగా చేత్తో ఊపుతున్నాడు. నా నౌకరీ, నా స్వేచ్ఛ, కాజాలు లేని నా జీవితం కళ్ల ముందు కనిపిస్తున్నాయి.

సరిగ్గా తొమ్మిది. బేగం గారి గేటు ముందు టాంగా. దుప్పటి లేచింది.

"పర్దా!"

అంతే. మూడు నెలల సాధన ఊరికే పోతుందా? నా కాళ్లు ఆగాయి. నా మొహం గోడవైపు తిరిగింది. ముక్కు సున్నానికి ఆనింది.

"ఉరుకుర నర్సిగా! ఉరుకు!" బాపు అరుపు.

"ఎట్ల ఉరుకుత బాపు, బేగం సాబ్ ఉన్నరు!" అని గోడకే చెప్పాను.

"చలో" కోసం చూస్తున్నాను. ఖాసిం భాయ్ అనడే! నా వెనక నుంచి టపటపమని ఒక జత కాళ్లు పోయాయి. కాసేపటికి ఇంకో జత. మూసీ అవతలి వాళ్లకు మా పర్దా కేక ఏం తెలుసు? పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు. నేను ఇరవై ఆరు మైళ్లు పరిగెత్తి, నిలబడి, సున్నం వాసన చూశాను.

అప్పుడు దుప్పటి వెనక నుంచి బేగం గారు ఉర్దూలో అడిగిన మాట నేటికీ నా చెవుల్లో ఉంది. "ఖాసిం, నేనివాళ ఎక్కడికీ పోవడం లేదు. చలికాలమంతా నా టాంగా వెనక ఉరికిన పిల్లవాడు గెలుస్తుంటే చూద్దామని వచ్చాను. వాడేమిటి, గోడను చూస్తూ నిలబడ్డాడు?"

ఖాసిం భాయ్ తల గోక్కుని, మెల్లగా, "చలో" అన్నాడు.

మూడోవాడిగా గీత దాటాను. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. బాపు తిడతాడనుకున్నాను. ఆయన తలపాగాతో నా మొహానికి అంటిన సున్నం తుడిచాడు.

"పందెం ఓడినవ్‌గని పేట ఇజ్జత్ కాపాడినవ్ బిడ్డా," అన్నాడు. నేను కరిగిపోయేలోపే చేతిలో సూది పెట్టాడు. "ఇగ కూసో."

వారం తిరక్కుండా బేగం గారింటి నుంచి మనవడి షేర్వానీకి గుడ్డ వచ్చింది. గోడను చూసిన పిల్లవాడే కాజాలు కుట్టాలని షరతు. కుట్టాను. ఆ చాప మీద కూర్చునే, సూది చేతబట్టి, దారం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ పందెంలోనూ అందరికంటే ముందు పరిగెత్తను. ఇన్నేళ్లయింది, ఆ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు. నిలబెట్టుకోవడానికి నేను పెద్దగా కష్టపడిందీ లేదు.